నానమ్మ పాకం, మనవడి చాక్లెట్

మెల్‌బోర్న్‌లో కొడుకింటికి వెళ్లిన కాకినాడ నానమ్మకు మొదటి పదిరోజులూ మనవడితో మాటే కలవలేదు. ఆమె తెలుగు వాడికి సగమే అర్థమవుతుంది. వాడి ఇంగ్లిషు ఆమెకు అసలే అర్థంకాదు. ఓ ఆదివారం వాడు రెండు చాక్లెట్లు తెచ్చి ఆమె కళ్లు మూశాడు.

మొదటిది కొరగ్గానే ఫట్‌మని విరిగి గాజుపెంకుల్లా ముక్కలైంది. పళ్లకు కాస్త అతుక్కుంది. అది వయొలెట్ క్రంబుల్. 1913లో ఆ ఊళ్లోనే ఏబెల్ హోడ్లీ తయారుచేశాడు. రెండోది గుల్లగా రాలి నాలుకమీద కరిగిపోయింది. అది క్రంచీ. 1929లో బ్రిటన్‌లో ఫ్రై కంపెనీ తెచ్చింది.

లోపలి పసుపు గుల్లను చూపించి ''తేనెపట్టు'' అన్నాడు, నాన్ననడిగి నేర్చుకున్న మాట. నానమ్మ నవ్వేసింది. ''తేనెపట్టు కాదురా, ముదురు పాకంలో వంటసోడా!'' సాయంత్రం చేసి చూపించింది. పాకం బుస్సున పొంగేసరికి వాడు చప్పట్లు కొట్టాడు.

ఏది గొప్పదో మాత్రం తేలలేదు. వాడికి విరిగేదే ఇష్టం. పళ్లు కదులుతున్న ఆమెకు కరిగేదే హాయి.

కాకినాడ వచ్చాక, వాడు పెట్టెలో పెట్టిచ్చిన వయొలెట్ క్రంబుల్ సగం తిని సగం గిన్నెలో దాచుకుంది. చాక్లెట్ పూత విరిగినచోట సముద్రపు తేమ తగిలి తెల్లారేసరికి జిగటైపోయింది. ఫోన్‌లో ఆ సంగతి చెబితే అటునుంచి తెలుగులోనే వచ్చింది ప్రశ్న:

''మూత పెట్టలేదా నానమ్మా?''