మన బలరాం

ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. మాట్టుతావణిలో మన బతుకు ఇంతే కదా! ఫుట్‌బాల్ వీరుడు తులసీదాస్ బలరాం గారిది సరిగ్గా దీనికి తలకిందులు. 1936లో సికింద్రాబాదు అమ్ముగూడలో తమిళ కుటుంబంలో పుట్టారు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగేరీ మీదా, పెరూ మీదా గోలు కొట్టారు. 1962లో జకార్తాలో ఆసియా స్వర్ణం గెలిచిన జట్టులో ఉన్నారు. మరుసటి ఏడే ఊపిరితిత్తుల జబ్బుతో ఆట మానేశారు. (ఆ వయసుకు బ్యాంకులో నాకింకా ప్రొబేషనే!) తోటి ఫార్వర్డులు చునీ గోస్వామికి, పి.కె. బెనర్జీకి పద్మశ్రీ వచ్చింది. ఈయనకు రాకుండానే 2023లో కన్నుమూశారు.

మా చిన్నవాడు స్పోర్ట్స్ హాస్టల్ దరఖాస్తు తెచ్చాడు. ఆ జబ్బు సంగతి చెప్పి, బీకాం చదవమన్నాను.

"రోమ్‌లో గోలు కొట్టిందీ ఆయనే కదా, నాయనా?" అన్నాడు.

వాళ్లమ్మ పెన్ను అందించింది. సంతకం పెట్టాను.