అమీర్‌పేటలో 33 రూపాయలు

అమీరు అంటే ధనవంతుడని, ప్రభువని అర్థం. అటువంటి పేరుగల పేటలో ఇంతమంది బీద విద్యార్థులు చేరడం భాష చేసిన పరిహాసం కాబోలు. మైత్రీవనం దగ్గర నాలుగడుగులు వేస్తే చాలు, కంప్యూటరు కోర్సుల బోర్డులు తప్ప గోడలు కనిపించవు. ఆ చదువుకోసమే నేనూ తణుకునుంచి వచ్చాను. బస మాత్రం పంజాగుట్టలో.

మా అమ్మ గాజులు బ్యాంకులో కుదువబెట్టి నాన్నగారు 70 వేలు తెచ్చారు. ఫీజు 25 వేలు ఒక్కసారే కట్టగా 45 వేలు మిగిలింది. కోర్సు నాలుగు నెలలే. కాని అది పూర్తయిన మర్నాడే ఉద్యోగం వచ్చి గుమ్మంలో నిలబడదు గదా! అందుచేత ఆ సొమ్ము ఆరు నెలలు రావాలని నిశ్చయించుకున్నాను. అంటే నెలకి 7,500. ముగ్గురుండే గదికి, భోజనంతో సహా, హాస్టలుకే 6,500 పోతుంది. మిగిలిన వెయ్యినీ పంచితే రోజుకి 33 రూపాయలు.

ఇక ఆ ముప్ఫయి మూడు మీద ఎందరి కన్నో చూడండి. సెల్‌ఫోను రీచార్జికి సుమారు 300. వాళ్ళ నెలకి 28 రోజులే. మనకి ఏడాదికి పన్నెండు నెలలైతే వాళ్ళకి పదమూడు! దాంతో రోజుకి 23కి దిగాను. పంజాగుట్టకీ అమీర్‌పేటకీ మధ్య మెట్రోలో ఎక్కిన స్టేషను తరవాత దిగే స్టేషనే. అయినా 2025 మే నెలలో రేట్లు మారాక కనీసపు టికెట్టు 11 రూపాయలు. రానూపోనూ 22. ఎక్కితే చేతిలో రూపాయి మిగులుతుంది. కనుక నడకే. తెలంగాణ ఆడపిల్లలకి 2023 డిసెంబరునుంచి ఆర్టీసీ బస్సు ఉచితం. మా క్లాసు అమ్మాయిలు బస్సు కిటికీలోంచి చెయ్యి ఊపుతూ వెడుతుంటారు.

మధ్యాహ్నం విరామం అరగంట. హాస్టలుకి వెళ్ళి, తిని, తిరిగి రావడానికి చాలదు. నగరపాలక సంస్థ 2014లో మొదలుపెట్టిన 5 రూపాయల భోజనం ఉంది. ఇప్పుడు ఇందిరమ్మ క్యాంటీన్లంటున్నారు. అన్నం, సాంబారు, కూర, పచ్చడి. మొదటిరోజు వరుసలో నిలబడడానికి సిగ్గేసింది. మా ఊరివాళ్ళెవరైనా చూస్తే నాన్నగారి పరువేం కాను? నా ముందు ఆటో తోలే ఆయన. వెనక, ఆస్పత్రిలో మనిషిని ఉంచి వచ్చిన ముసలమ్మ. "నడువు బిడ్డా, సాంబారు సల్లగైతది" అంది. నడిచాను.

నెలాఖరున పద్దుల పుస్తకం ఫొటో తీసి నాన్నగారికి పంపడం మా ఒప్పందం. రెండో నెల వెంటనే ఫోను చేశారు.

"అయిదు రూపాయల పద్దు ఇరవైసార్లు రాశావు. ఏమిట్రా అది?"

"భోజనం, నాన్నగారూ. బాగానే ఉంటుంది."

కాసేపు పలకలేదు. తరవాత, "ఈ కాగితం మీ అమ్మకి చూపించను. నువ్వూ చెప్పకు" అన్నారు.

మర్నాడు నా ఖాతాలో 200 పడ్డాయి. నాన్నగారు దినపత్రిక మానేశారనీ, గ్రంథాలయానికి వెళ్ళి చదువుకుంటున్నారనీ చెల్లెలు చెప్పింది. అప్పటినుంచి నెలనెలా అంతే వస్తోంది. దానికి వేరే పేజీ పెట్టాను, ముట్టుకోలేదు.

ఇది అయిదో నెల. వచ్చేవారం రెండు ఇంటర్వ్యూలున్నాయి. క్షవరానికీ, చొక్కా ఇస్త్రీకీ ఆ పేజీలోంచే తీస్తున్నాను.