ఉప్పల్‌లో దిగండి

సెలవులలో పల్లెల నుండి హైదరాబాదుకు పిల్లలను తీసుకొనివచ్చే విశ్వాసులు నన్ను అడిగే ప్రశ్న ఒక్కటే: "అయ్యగారూ, పిల్లలకు ఏమి చూపించాలి?" జూపార్కు, చార్మినారు అని అందరూ చెబుతారు. అవి మంచివే. కాని జనగామ, ఆలేరు, భువనగిరి వైపు నుండి వచ్చే బస్సు మిమ్మును ముందుగా చేర్చేది ఉప్పల్‌కు. అక్కడి నుండి రెండు బస్సులు మారి జూపార్కు చేరేసరికి చంటిపిల్లకు ఏడుపు, తల్లికి తలనొప్పి. అయిదారేండ్ల పిల్లలున్న ఇంటివారికి ఉప్పల్, నాచారం చుట్టుప్రక్కలే ఒక దినము చక్కగా గడుస్తుందని నా అభిప్రాయము.

ఈ సంగతి వ్రాయుటకు కారణమున్నది. నాచారం పారిశ్రామికవాడలో పనిచేసే ఒక సహోదరుడు, ప్రక్కింటి పిల్లలు వాటర్ పార్కుకు వెళ్ళివచ్చారని తన పిల్లలు ఏడిస్తే, నూటికి అయిదు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి తీసుకొనివెళ్ళాడు. ఒక్క దినపు సరదాకు ఏడు నెలలు తీర్చాడు. ఆ ఏడు నెలలూ ఆదివారము కూడ ఓవర్‌టైము. పిల్లలు లేచేసరికి అతడు డ్యూటీలో, అతడు వచ్చేసరికి పిల్లలు నిద్రలో. అక్కడ నీకు ఏమి నచ్చిందిరా అని పెద్దవాడిని అడిగాను. "నాన్న నన్ను భుజాల మీద ఎక్కించుకున్నాడు" అన్నాడు. దానికి టికెట్టు లేదు కదా!

విహారయాత్రలు విశ్వాసులకు తగవని చెప్పే పెద్దలు మన సంఘములలో ఇంకను ఉన్నారు. లూకా సువార్త రెండవ అధ్యాయము చూడండి. యోసేపు, మరియ యేటేటా బంధువులతోను నెళవైనవారితోను కలిసి యెరూషలేమునకు ప్రయాణము చేసేవారు. పండ్రెండేండ్ల బాలుడు ఆ పట్టణములో చేసిన పని, బోధకుల మధ్య కూర్చుండి ప్రశ్నలు అడుగుట. మన పిల్లలకు ప్రశ్నలు అడిగే చోటు చూపించవద్దా?

బస్సు దిగగానే ఉప్పల్ కూడలిలో 2023 జూన్‌లో తెరిచిన స్కైవాక్ ఉన్నది. నాలుగు వైపుల రోడ్లను, మెట్రో స్టేషనును కలుపుతూ ఎత్తున కట్టిన కాలిబాట. నడిచేందుకు రుసుము లేదు. పల్లె నుండి వచ్చిన పిల్లవాడికి కదిలే మెట్లే ఒక అద్భుతము. చేయి మాత్రము వదలకండి. నాయనమ్మకు లిఫ్టు ఉన్నది. క్రింద లారీలు, బస్సులు, ఆటోలు. పైన పిల్లలు వాటిని లెక్కపెడుతూ అరగంట నిలబడతారు.

అక్కడి నుండి మెట్రో ఎక్కి తార్నాక వరకు వెళ్ళి రండి. 2017 నవంబరు నుండి ఈ మార్గములో రైళ్ళు నడుస్తున్నవి. ఉప్పల్ తరువాత స్టేడియం. 2009లో సచిన్ టెండూల్కర్ ఆస్ట్రేలియా మీద 175 పరుగులు చేసి కూడ మూడు పరుగుల తేడాతో మ్యాచి పోయింది ఇక్కడే. మగపిల్లలున్న తండ్రికి ఆ కథ చాలు. తరువాతి స్టేషను పేరే ఎన్.జి.ఆర్.ఐ. 1961లో స్థాపించిన ఈ సంస్థలో భూకంపములను, భూమి లోపలి పొరలను పరిశోధిస్తారు. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున కిల్లారిలో భూమి కంపించిన సంగతి మీ ఇంటి పెద్దలకు జ్ఞాపకముంటుంది, వారిచేత చెప్పించండి. ఆ దగ్గరలోనే జీవకణములను పరిశోధించే సి.సి.ఎం.బి. ఉన్నది. మామూలు దినములలో లోపలికి వెళ్ళడానికి వీలుండదు. అయితే వీటి మాతృసంస్థ సి.ఎస్.ఐ.ఆర్. స్థాపన దినము సెప్టెంబరు 26. ఆ రోజుల్లో బడిపిల్లలకు ఈ ద్వారములు తెరుస్తారు. తేదీ ముందుగా కనుక్కొని రండి. సండే స్కూలు పిల్లలను తీసుకొనిరావడానికి ఇంతకంటె మంచి సమయము నాకు తెలియదు.

సాయంత్రమునకు ఉప్పల్ భగాయత్‌లో 2019లో తెరిచిన శిల్పారామము ఉన్నది. ప్రవేశ రుసుము స్వల్పమే, గాని బొమ్మల దుకాణముల ముందు పిల్లల చేతులు ఊరకుండవు. ఒక్క వస్తువు, ఇంత ధరలోపు అని లోపలికి వెళ్ళకముందే చెప్పండి.

ఇక నాచారం పెద్దచెరువు. చెరువు చూడడానికి పట్నము రావాలా అని మీరు నవ్వుతారు. ఫ్యాక్టరీల మురుగు, గుర్రపుడెక్క పట్టిన ఆ నీటినే చెరువు అనుకొని పెరుగుతున్న పిల్లలు మా మధ్య ఉన్నారు. కలువలు, కొంగలు, మత్తడి దూకే నీళ్ళు వారు ఎరుగరు. కాబట్టి ఒక మనవి. మీ పల్లె సంఘములోని రెండు మూడు కుటుంబములు ఒక శనివారము ఇక్కడికి రండి. పట్నపు సంఘము వారు మందిరపు వరండాలో చాపలు వేసి అన్నము పెడతారు. మరో శనివారము ఇక్కడి పిల్లలు మీ చెరువుకు వస్తారు. 2023 డిసెంబరు 9 నుండి తెలంగాణలో స్త్రీలకు, ఆడపిల్లలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ బస్సులలో చార్జీ లేదు, ఆధార్ కార్డు మరువకండి. టికెట్టు కొనవలసినది తండ్రికి, ఎదిగిన మగపిల్లలకు.

పులిహోర, మంచినీళ్ళు ఇంటి నుండే తెచ్చుకోండి. మెట్రోలో తినకూడదు. చీకటి పడేసరికి వరంగల్ రోడ్డు బస్సులు ఉప్పల్‌లో క్రిక్కిరిసిపోతాయి. అయిదు గంటలకే వచ్చి నిలబడితే తల్లికి సీటు దొరుకుతుంది, చంటిపిల్ల తండ్రి ఒడిలో నిద్రపోతుంది.