తిరగలి దగ్గర ఆగిన పాఠం

అరకులోయలో గిరిజన మ్యూజియం 1996లో వచ్చింది. అప్పటికి మేము హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాం. అందులో పెట్టినవి మన ఇళ్ళలో ఉండేవే: తిరగలి, రోకలి, చేటలు, ఆనపబుర్రలు, వలలు, విల్లంబులు. టికెట్ కొని మన చేటను మనమే చూడడం మొదట్లో నవ్వు తెప్పించేది.

కిందటేడు చలికాలంలో ఆరు, ఏడు తరగతుల పిల్లల్ని ఒక మ్యూజియంకి తీసుకెళ్ళాం. మేము ఇద్దరు టీచర్లం, ఇద్దరం ఆదివాసులమే. 'పాతకాలపు ఇంటి జీవితం' మీద పిల్లలకు ఒకరోజు కార్యశాల పెట్టారు. అడ్డాకులు కుట్టించారు, బొమ్మలు గీయించారు. తర్వాత ఒకాయన తిరగలి ముందు నిలబడి, "పూర్వం గిరిజనులు దీంతో పిండి విసురుకునేవారు" అన్నాడు. మంచివాడే, ఓపికగా చెప్పాడు. వెనక నుంచి ఒక పాప, "మా అమ్మమ్మ మొన్న విసిరింది సార్" అంది. పిల్లలంతా నవ్వారు. పాప తల దించుకుంది.

ఆ నవ్వినవాళ్ళలో సగం మంది మన పిల్లలే. అది మమ్మల్ని పొడిచింది.

చివర్లో ఒక ప్రశ్నల కాగితం ఇచ్చారు. 'దీనిని దేనికి వాడేవారు?' అని ఒక ప్రశ్న. ఆ పాప 'వాడేవారు' కొట్టేసి 'వాడతాం' అని రాసింది. తిరుగుదారిలో బస్సులో ఆ కాగితం చూసి మేము చాలా ఆవేశపడ్డాం. బతికి ఉన్నవాళ్ళని 'పూర్వం'లో పెట్టేస్తారా అని ఊరు చేరేదాకా మాట్లాడుకుంటూనే ఉన్నాం.

సంక్రాంతి సెలవులకి పిల్లలకి ఒక పని ఇచ్చాం. మీ ఇంట్లో తిరగలి ఎక్కడుందో చూసి రండి అన్నాం. వాళ్ళు తెచ్చిన జవాబులు మా ఆవేశాన్ని సగం దించేశాయి. ఒకరింట్లో పైరాయి గుమ్మం ముందు మెట్టయింది. ఇంకొకరింట్లో పనసచెట్టు కింద పడి ఉంది, దానిమీద కోళ్ళు ఎక్కుతున్నాయి. చాలామంది ఇళ్ళలో అసలు లేదు. ఒకటో తరగతి నుంచీ ఆశ్రమ పాఠశాలలో ఉన్న ఒక బాబు, "తిరగలంటే రోలే కదా మాస్టారూ" అన్నాడు. వాణ్ణి ఏమని అంటాం? మాక్కూడా దాని భాగాలకి మా భాషలో పేర్లు రావు. మేమూ హాస్టల్ అన్నం తిని పెరిగినవాళ్ళమే. ఉపాధ్యాయ శిక్షణలో 'పరిసరాల నుంచి పాఠం చెప్పండి' అని నేర్పారు. ఆ పరిసరాలు మా చేతుల్లోంచే జారిపోయాయి.

అందుకని ఆ పాప అమ్మమ్మనే బడికి రమ్మన్నాం. ఒక తిరగలిని నలుగురం మోసుకొచ్చి వరండాలో పెట్టాం. ఆమె వచ్చి కూర్చుని మా ఆదివాసీ ఒడియాలోనే మాట్లాడింది. పైరాయికి, కిందిరాయికి, పిడికి, గింజలు పోసే కన్నానికి ఒక్కోదానికి ఒక్కో పేరు. పిల్లలు తెలుగు అక్షరాల్లో రాసుకున్నారు, మేమూ రాసుకున్నాం. ఉమ్మడి రాష్ట్రంలో 8 గిరిజన భాషల్లో వాచకాలు వేశారు, ఆదివాసీ ఒడియా కూడా అందులో ఉంది. కానీ ఈ మాటలు మాకు ఆమె నోటినుంచే వచ్చాయి.

పిడి ఎలా పట్టాలో చూపించింది. గుప్పెడు చోళ్ళు పోసి మమ్మల్ని తిప్పమంది. నాలుగు చుట్లకే భుజాలు లాగేశాయి. పిల్లలు మళ్ళీ నవ్వారు, ఈసారి మమ్మల్ని చూసి.

పొయ్యి మీద మొక్కజొన్న కంకులు ఎందుకు వేలాడదీస్తారో కూడా చెప్పింది. పొగకి పురుగు పట్టదు, అవే మళ్ళీ విత్తనాలు. ఇది సైన్సు పాఠమే.

ఒక పిల్లవాడు, "పాతకాలమే బాగుండేదా అవ్వా?" అని అడిగాడు. ఆమె కాసేపు రాయి మీద పిండి చేత్తో తుడుస్తూ ఉండిపోయింది. వానాకాలంలో గాదెలో గింజ ఉండేది కాదట. మామిడి టెంకలు పగలగొట్టి, లోపలి పప్పుని చేదు పోయేదాకా గెడ్డలో నానబెట్టి, ఈ తిరగలిలోనే విసిరి అంబలి కాచేవారట. "తెల్లారకముందు లేచి విసిరేదాన్ని. చంటిపిల్ల ఏడుస్తున్నా చెయ్యి ఆపడానికి లేదు" అంది. పిల్లలెవరూ మాట్లాడలేదు. మ్యూజియంలో తిరగలి పక్కన నున్నటి మట్టిబొమ్మ నవ్వుతూ కూర్చుని ఉంది. ఈ టెంకల సంగతి అక్కడ ఎవరూ చెప్పలేదు. మేమూ ఎప్పుడూ చెప్పలేదు.

మధ్యాహ్నం ఆమె విసిరిన పిండితో అంబలి కాచి పిల్లలందరికీ తలో గుక్క పోశాం. చోడిలో ఉన్నంత కాల్షియం బియ్యంలో లేదని మేము చెప్పబోతే, ఉప్పు చాల్లేదని ఆమె సరిచేసింది.

వెళ్ళేటప్పుడు వరండా మూల పెట్టిన సంచి తీసి భుజాన వేసుకుంది. అందులో ఐదారు కిలోల చోళ్ళున్నాయి. ఇంటికేనా అని అడిగాం.

"మిల్లుకి బాబూ. మళ్ళీ కరెంటు పోతుంది" అని గబగబా నడిచింది.