ఎంతిస్తుంది?

మన దగ్గర కారు చూసినవాళ్లు అడిగేవి రెండే ప్రశ్నలు. ఎంతిస్తుంది? అమ్మితే ఎంతొస్తుంది? ఈ రెంటికీ తలెత్తుకుని జవాబు చెప్పలేని బండిలో నేను సికింద్రాబాద్‌లో రోజూ ఆఫీసుకు వెళ్లివస్తుంటాను. 2008 నాటి మారుతి స్విఫ్ట్, 1.3 లీటర్ల పెట్రోలు ఇంజను, ఏపీ 10 నంబరు. తెలంగాణ వచ్చాక కొత్త బండ్లకు టీఎస్ వచ్చింది, 2024 మార్చి నుంచి టీజీ వచ్చింది. నా బండి మాత్రం ఇంకా ఉమ్మడి రాష్ట్రంలోనే తిరుగుతోంది. సాయంత్రం పట్నీ నుంచి ప్యారడైజ్ దాకా పాకినప్పుడు అది లీటరుకు ఎంతిచ్చిందో నేను లెక్కగట్టను. కొన్ని లెక్కలు తెలియకపోతేనే సంసారం సాఫీగా సాగుతుంది.

అయినా ఆ బండిని వదలకపోవడానికి కారణం హాట్ హ్యాచ్ పిచ్చి. వెనక తలుపు పైకి లేచే చిన్న కారుకు, దాని ఒంటికి కాస్త ఎక్కువే అనిపించే ఇంజను పెడితే హాట్ హ్యాచ్ అవుతుంది. పొద్దున పిల్లల్ని బడిలో దింపాలి, దారిలో కూరగాయలు మోయాలి, రోడ్డు ఖాళీగా దొరికితే నడిపేవాడి వయసు తగ్గించాలి. 1976లో జర్మనీలో ఫోక్స్‌వ్యాగన్ వాళ్లు గోల్ఫ్ జీటీఐ తెచ్చినప్పుడు ఐదు వేల బండ్లు పోతే చాలనుకున్నారు. 810 కిలోల బరువుకు 110 గుర్రాల బలం. ఆ తొలి తరం ఒక్కటే నాలుగు లక్షలు దాటింది. అంటే ఈ పిచ్చి మనవాళ్లకే పరిమితం కాదన్నమాట.

మన దేశానికి ఆ పిచ్చి ఆలస్యంగా వచ్చింది, వచ్చినా సరిగ్గా తలకెక్కలేదు. 2001లో ఫియట్ పాలియో 1.6 లీటర్ల ఇంజనుతో, వంద గుర్రాలతో దిగింది. సచిన్ టెండూల్కర్ చేత ప్రచారం చేయించారు. అయినా దాని దాహం చూసి జనం దండం పెట్టారు. 2005 మేలో స్విఫ్ట్ వచ్చింది. దాదాపు టన్ను బరువు, 87 గుర్రాలు, నాలుగు చక్రాలూ నాలుగు మూలలకు నెట్టినట్టుండే ఒడ్డూ పొడుగూ. మారుతి దాన్ని హాట్ హ్యాచ్ అని ఎన్నడూ అనలేదు. ఆ మాట నడిపినవాళ్లే అనుకున్నారు.

ఆ మరుసటి ఏడాదే, 2006 బడ్జెట్‌లో, చిన్న కారంటే ఏమిటో ప్రభుత్వం టేపు పెట్టి కొలిచింది. పొడవు నాలుగు మీటర్ల లోపు, పెట్రోలు ఇంజనైతే 1200 సీసీ లోపు. ఆ గీతలో ఉన్నవాటికి ఎక్సైజు సుంకం 24 శాతం నుంచి 16కు దిగింది. నా బండి 1298 సీసీ, అంటే గీతకు 98 సీసీ అవతల. 2010లో మారుతి ఆ ఇంజను తీసేసి 1.2 లీటర్లది పెట్టింది. తర్వాత బలం కావాలనుకున్న కంపెనీలు చాలావరకు ఆ గీత లోపలే ఒదిగి టర్బో బిగించుకున్నాయి. 2013 పోలో జీటీ టీఎస్ఐ 1197 సీసీతో 105 గుర్రాలు తీసింది, ఇప్పటి ఐ20 ఎన్ లైన్ లీటరు ఇంజనుతోనే 120 తీస్తోంది. గీత దాటిన ధీరుల్లో 2015 అబార్త్ పుంటో ఒకడు. 1368 సీసీ, 145 గుర్రాలు. దాన్ని కొన్నవాళ్లు తక్కువ, కొనలేదే అని ఇప్పటికీ బాధపడేవాళ్లు ఎక్కువ. మన కుర్రాళ్ల వేగాన్ని ట్రాఫిక్ పోలీసుల కన్నా ఆర్థికశాఖే గట్టిగా అదుపు చేసిందని నా గట్టి నమ్మకం.

సికింద్రాబాద్‌లో ఈ పాత 1.3 ఇంజను ఉండటంలో ఒక సుఖం ఉంది. ఇదే వంశపు ఇంజను ఎస్టీమ్‌లో ఉంది, జిప్సీలోనూ ఉంది. జిప్సీ అంటే పటాలం బండి. కంటోన్మెంట్ ఊళ్లో దశాబ్దాలుగా తిరిగిన ఇంజను కాబట్టి, దాన్ని విప్పి బిగించడం వచ్చిన చేతులు తిరుమలగిరి నుంచి చిలకలగూడ దాకా దొరుకుతాయి. కొత్త టర్బో కారు బానెట్ తెరిస్తే ప్లాస్టిక్ మూత, దాని కింద మరో మూత, ల్యాప్‌టాప్ లేనిదే మాట్లాడని కంప్యూటరు. నా ఇంజను ముందు మేస్త్రీ చెవి ఒగ్గి నిలబడితే చాలు. ఏ వాల్వు గోల చేస్తోందో చెప్పేస్తాడు.

పార్టుల కోసం రాణిగంజ్ వెళ్లాలి. ఆ సందడిలో కారు పెట్టడానికి చోటు దొరకదు, కారు పార్టుల కోసం ఆటోలో వెళ్లడమే తెలివి. పాత పార్టును చేత్తో పట్టుకెళ్లడం ఇంకా తెలివి. మాటలతో వర్ణిస్తే కౌంటరు వెనక మనిషి నమ్మడు. న్యూస్‌పేపరు విప్పి, అరిగిపోయి నూనె కక్కుతున్న లోయర్ ఆర్మ్ బుష్‌ను బల్ల మీద పెడితే, ఒక్కసారి తిప్పి చూస్తాడు.

“టైప్ వన్ స్విఫ్టా? పెట్రోలా, డీజిలా?”

చెబుతాం. అసలు ప్రశ్న అప్పుడు వస్తుంది.

“కంపెనీదియ్యనా, లోకల్ ఇయ్యనా?”

ఈ ప్రశ్నకు ఇచ్చే జవాబులోనే మనిషి బండిని ఎంతకాలం ఉంచుకోదలిచాడో తెలిసిపోతుంది. కంపెనీ పెట్టెలో వచ్చేది ఒక రకం. అదే కంపెనీకి సరకు చేసిచ్చే ఫ్యాక్టరీ తన సొంత పెట్టెలో వేసి అమ్మేది ఇంకో రకం, దాన్ని ఓఈఎం అంటారు. మూడోది లోకల్. అందులో పనికొచ్చేదీ ఉంటుంది, పెట్టె మీది అక్షరాల్లో ఒకటి అటూ ఇటూ మార్చి ముద్రించిందీ ఉంటుంది. అద్దం మీది తొడుగూ, చక్రం టోపీ లోకల్‌వైనా పరవాలేదు. బ్రేకు ప్యాడ్లు, టైమింగ్ బెల్టు దగ్గర బేరం వద్దు. ఈ ఇంజనుకు గొలుసు ఉండదు, రబ్బరు బెల్టే. లక్ష కిలోమీటర్లకు మార్చాల్సిందే, తెగితే బండి ఎక్కడుంటే అక్కడే ఆగుతుంది. ఒలిఫెంటా బ్రిడ్జి కింద, వానలో, వెనక సిటీ బస్సు హారను కొడుతుండగా ఆగితే ఎలా ఉంటుందో ఊహించుకుంటే ఆ కొద్ది తేడా డబ్బు తేలిగ్గానే జేబులోంచి వస్తుంది.

ఇక మాడిఫికేషను. ఈ మాట వినగానే కుర్రాళ్ల మనసు మొదట పోయేది సైలెన్సరు మీదికే. ఫ్రీఫ్లో వేయించమని నేనూ ఓసారి మేస్త్రీని కదిపి చూశాను. ఆయన చేతులు తుడుచుకుంటూ తీరిగ్గా అన్నాడు: “సార్, సౌండ్ పెంచితే స్పీడ్ పెరగదు. చలాన్ పెరుగుతది.” ఇంజనీరింగు కూడా ఆయన పక్షమే. టర్బో లేని చిన్న ఇంజనుకు మరీ వెడల్పు గొట్టం పెడితే తక్కువ ఆర్‌పీఎం దగ్గరి లాగుడు తగ్గుతుంది. ట్రాఫిక్‌లో మనకు రోజూ అక్కరకొచ్చేది ఆ లాగుడే. బానెట్ కింద తెరిచిపెట్టే కోన్ ఫిల్టరుదీ ఇదే కథ. మే నెల మధ్యాహ్నం సిగ్నల్ దగ్గర అది పీల్చేది రేడియేటరు ఊదిన వేడిగాలి. వేడిగాలి పలచన, అందులో ఆక్సిజన్ తక్కువ. డబ్బు పెట్టి బలం తగ్గించుకోవడానికి ఇంతకన్నా సులువు దారి లేదు.

చట్టం సంగతి వేరే. కంపెనీ చెప్పినదానికీ ఆర్సీలో ఉన్నదానికీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను అంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టూ అదే మాట గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో ఒక్కో మార్పుకు ఐదు వేల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అయ్యాయి. మోత విషయంలో జరిమానా పదివేల దాకా పోతుంది. అద్దాలకు నల్ల ఫిల్ము 2012లోనే సుప్రీంకోర్టు పీకించింది. ఎండకు మాడుతున్నాం కదా అని వాదించేవాళ్లను నేను అర్థం చేసుకోగలను, కోర్టు అర్థం చేసుకోలేదు.

బండిని కిందికి దించేవాళ్లను మాత్రం నేనూ అర్థం చేసుకోలేను. స్ప్రింగులు కోయించి, చక్రాల మీద బాడీ ఆనినట్టు చేసుకుంటారు. చూడ్డానికి బాగానే ఉంటుంది, ఆగి ఉన్నంతసేపు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్కలో స్పీడ్ బ్రేకరంటే 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు, మెల్లగా ఎక్కి మెల్లగా దిగే వాలు. మన కాలనీల్లో స్పీడ్ బ్రేకరంటే మిగిలిపోయిన కాంక్రీటు, కాలనీ పెద్దమనిషి కోపం. 17 సెంటీమీటర్ల గ్రౌండ్ క్లియరెన్స్ ఉన్న నా స్విఫ్టే నలుగురు కూర్చుంటే కొన్నిచోట్ల మూలుగుతుంది.

ఇన్ని వద్దులు చెప్పినవాడు ఏం చేయించాడని అడగొచ్చు. చాలానే చేయించాను, ఏదీ బయటికి కనపడదు. బుష్‌లన్నీ కొత్తవి, షాకబ్జర్లు నాలుగూ కొత్తవి, ఇంజను మౌంట్లు కొత్తవి. నా అనుభవంలో పదేళ్లు దాటిన బండికి ఇంతకు మించిన మాడిఫికేషను లేదు. రబ్బరు అరిగిపోవడం ఒక్కరోజులో తెలియదు. రోజుకింత స్టీరింగు మొద్దుబారుతుంది, గుంతలో టక్ మంటుంది, బ్రేకు వేస్తే ముక్కు ఓ పక్కకు చూస్తుంది, మనం దానికే అలవాటు పడిపోతాం. అన్నీ మార్పించి అలైన్‌మెంట్ చేయించి బయటికొచ్చిన సాయంత్రం, మారేడ్‌పల్లి సందు మలుపులో, గంటకు ముప్పై కిలోమీటర్ల వేగంలో, ఈ కారును మొదట ఎందుకు కొన్నానో గుర్తొచ్చింది. శామీర్‌పేట దగ్గర ఔటర్ ఎక్కితే 120 దాకా పోనిస్తారు. అక్కడ పెద్ద కార్లన్నీ నన్ను దాటిపోతాయి, పోనీ. ఈ బండి సుఖం మలుపుల్లో ఉంది.

కనపడే మార్పు ఒకటుంది, టైర్లు. దాంట్లో చిన్న లెక్కుంది. పై వేరియంటుకు కంపెనీ ఇచ్చిన సైజు 185/70 ఆర్14. టైరు పక్కగోడ ఎత్తు 185లో 70 శాతం, అంటే 129.5 మిల్లీమీటర్లు. పైనా కిందా కలిపి 259, మధ్యలో 14 అంగుళాల రిమ్ము 355.6, మొత్తం 614.6. 195/60 ఆర్15 వేస్తే 234కు 381 కలిపి 615. అర మిల్లీమీటరు కూడా లేని తేడాతో అదే చక్రం. స్పీడోమీటరు అబద్ధం చెప్పదు, గేర్లు గందరగోళపడవు, రోడ్డు పట్టు మాత్రం పెరుగుతుంది. అల్లాయ్ వీల్సు వేయించాక బీమా కంపెనీకి ఆ సంగతి రాసిచ్చి, పాలసీలో చేర్పించాను. చెప్పకుండా వేసుకుంటే రేపు క్లెయిము దగ్గర వాళ్లు చెబుతారు. అంతకు మించి 17 అంగుళాల రిమ్ములు వేసుకుని, పండగనాటి ఎద్దులా బండిని ముస్తాబు చేసేవాళ్లు రాణిగంజ్ రోడ్డులో కనిపిస్తూనే ఉంటారు. గుంత తగిలిన రోజు ఆ రిమ్ము అంచు చూడాలి.

అలంకారమే కావాలనుకుంటే దానికీ ఓ పద్ధతుంది. బహదూర్‌పురాలో సుధా కార్స్ మ్యూజియం చూడండి. క్రికెట్ బ్యాటు కారు, హ్యాండ్‌బ్యాగు కారు, బర్గరు కారు, అన్నీ నడిచేవే. అవి మ్యూజియంలో ఉంటాయి, రోజూ ఆఫీసుకు వెళ్లవు. ఆ తేడా అందరూ గమనిస్తే బావుణ్ను.

ఈ మధ్య కొత్త పని ఒకటి పడింది. బంకుల్లో ఇప్పుడు పోసేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. నా కారు పుట్టినప్పుడు బంకుల్లో అది లేదు. ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కన్నా మూడో వంతు తక్కువ కాబట్టి మైలేజీ కాస్త తగ్గుతుంది. దాన్ని నేనెలాగూ లెక్కగట్టను. భయం పాత రబ్బరు గొట్టాల గురించి. అవి ఉబ్బి, పగిలి, వేడి ఇంజను మీద పెట్రోలు కారితే ఆట కాదు. అందుకే ఇంధనం గొట్టాలూ, సీళ్లూ కొత్తవి వేయించాను. పనిలో పనిగా బ్రేకు ఆయిలూ మార్పించాను. అది గాల్లోంచి తేమ పీలుస్తుంది. కొత్త డాట్ 4 ఆయిలు మరగడానికి కనీసం 230 డిగ్రీలు కావాలి, తేమ పట్టినదానికి 155 చాలు. రెండేళ్లకోసారి మార్చాలని పుస్తకంలో రాసి ఉంటుంది. ఆ పుస్తకం చాలా కార్ల గ్లవ్ బాక్సుల్లో ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా పడి ఉంటుంది.

ఖర్చంతా విని మా బావమరిది ఎప్పటిలాగే అంటాడు: “గింత పెట్టే బదులు కొత్త బండి తీసుకోరాదు బావా!” చూస్తే ఆ మాటలో న్యాయం ఉంది. పదిహేనేళ్లు నిండాక తిరుమలగిరి ఆర్టీఏలో రిజిస్ట్రేషను ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి. ఫిట్‌నెసు చూపించాలి, గ్రీన్ ట్యాక్సు కట్టాలి. 2022 నుంచి కారుకు రెన్యువల్ ఫీజు ఐదు వేలు, 2025 ఆగస్టు నుంచి ఇరవయ్యేళ్లు దాటినవాటికి పదివేలు. అయినా కొత్తవాటిలో ఇంత సూటి స్టీరింగు నాకు దొరకలేదు. అందుకే ఇంకో ఐదేళ్లు రాయించుకున్నాను.

పాత స్విఫ్టో పోలోనో కొని మాడిఫై చేద్దామనుకునే తమ్ముళ్లకు ఒక్క మాట. సైలెన్సరు గురించి ఆలోచించే ముందు టైరు పక్కన డాట్ అన్న అక్షరాల వరస చివర ఉన్న నాలుగు అంకెలు చదవండి. మొదటి రెండూ తయారైన వారం, తర్వాతి రెండూ ఏడాది. ఆరేళ్లు దాటితే ముందు టైర్లు మార్చండి.