నవాసారం పొగ

హైదరాబాద్,
ఆదివారం రాత్రి

ఒరేయ్ బావా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నాలుగు రెసిస్టర్లు ఎటో ఎగిరిపోయాయి, ఒకటి ఒంటికాలి మీద లేచింది, బోర్డు మీది ప్యాడ్ ఊడొచ్చింది, యాభై దాటిన చేతులకు ఇక ఈ సాల్డరింగ్ పని కాదు అని రాశావు. చేతుల మీద నేరం మోపకురా. అంత పొడుగు ఉత్తరంలో ఫ్లక్స్ అనే మాటే లేదు. నా అనుమానమంతా అక్కడే.

మీ వీధి మలుపులో కళాయి సాయిబు గారు తిత్తి, కొలిమి పెట్టుకుని కూర్చుంటే మనం బడి మానేసి చూసేవాళ్లం, గుర్తుందా? కాగిన ఇత్తడి గిన్నెలో నవాసారం పొడి చల్లగానే గుప్పున తెల్లటి పొగ లేచేది. ఆ తర్వాత తగరం తాకించి, దూదితో ఒక్క తుడుపు తుడిస్తే లోపలంతా వెండిలా మెరిసేది. నవాసారం వేయకపోతే తగరం గోళీలు కట్టి దొర్లిపోవలసిందే. నీ బోర్డు మీద జరిగిందీ అదే. రాగికి పట్టిన ఆక్సైడ్ పొర పోతే తప్ప సాల్డర్ దాన్ని అంటదు. నవాసారం మాత్రం ఇక్కడ పనికిరాదు, సన్నని రాగి గీతల్ని తినేస్తుంది. రోజిన్ ఫ్లక్స్ పూయి. సాల్డర్ తీగ లోపల ఉన్న ఫ్లక్స్ చాలదు, ఐరన్ మొనకు తగలగానే సగం పొగైపోతుంది.

0402 సైజు రెసిస్టర్లతో మొదలుపెట్టావు, అది తొందర. ఒక మిల్లీమీటరు పొడవు, అర మిల్లీమీటరు వెడల్పు! ముందు 0805 పట్టు, పొడవు రెండు మిల్లీమీటర్లు ఉంటుంది. రెండు ప్యాడ్ల మీదా సాల్డర్ పెట్టి పైన పార్టు ఉంచి ఉంటావు, అందుకే లేచింది. ఒక్క ప్యాడ్‌కే పెట్టు. అది కరిగి ఉండగా పట్టకారుతో పార్టును పక్కనుంచి జరుపు. గట్టిపడ్డాక రెండో కొస అతుకు.

తగరం 63, సీసం 37 పాళ్లున్న తీగే కొను. 183 డిగ్రీల దగ్గర ఒక్కసారిగా కరిగి, అలాగే ఒక్కసారిగా గడ్డకడుతుంది. పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కో, సీసం కదా. ఇక ఆ సూది మొన తీసెయ్. దాంతో వేడి కిందికి దిగదు. దిగలేదని నువ్వు నొక్కి పట్టుకుని ఉంటావు, ప్యాడ్ కింది జిగురు వదిలేసింది. ఉలి మొనతో రెండు సెకన్లు చాలు.

నాకన్నిటికన్నా ఇష్టం ఐసీలు అతకడం. ఎదురెదురు మూలల కాళ్లు రెండు ముందు అతికి, వరుసంతా ఫ్లక్స్ ధారాళంగా పూసి, మొన మీద చిన్న చుక్క తీసుకుని మెల్లగా లాగుతాను. కాళ్ల మధ్యనున్న ఆకుపచ్చ పూత మీద కరిగిన సాల్డర్ నిలవదు. తలతన్యత దాన్ని లోహం దగ్గరికే లాగేస్తుంది. కళ్ల ముందు కాలు తర్వాత కాలు విడివడి మెరుస్తుంటే ఎన్నేళ్లయినా నాకు తనివి తీరదు. అంత సన్నని పని నీ చేయి చేయనక్కర్లేదు బావా, మణికట్టు బల్లకు ఆనించి ఉంచితే చాలు.

బోర్డు పారేయకు. ఊడిన ప్యాడ్‌కు వెళ్లే గీత మీది పూతను బ్లేడుతో గీకి, వెంట్రుకంత రాగి తీగ అతికిస్తే బతుకుతుంది. రేపు కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లి ఫ్లక్స్, ఉలి మొన కొని పంపుతాను. నీ ఐరన్ ఏ కంపెనీదో, ఏ మోడలో వెంటనే రాయి, మొన దానికి సరిపోవాలి.

నీ
పాత బెంచీ నేస్తం