ప్రభలు నడచిన పొలము

కనుమనాటి ప్రాతఃకాలమున రాజమహేంద్రవరము నుండి బయలుదేరిన ఆ కారులో తండ్రీ కుమారులిద్దరే. తండ్రి విశ్రాంత ఉపాధ్యాయుడు. ఆయన ఒడిలోని సంచిలో పొలము దస్తావేజులు. గట్టు ప్రక్కనున్న నాలుగు సెంట్ల నేలకై అగ్రజునితో మాటలు నిలిచి తొమ్మిదేండ్లు. పండుగకు అందరూ ఊరిలో ఉందురు గనుక, పెద్దల సమక్షమున తేల్చుకొనుటకే ఈ ప్రయాణము.

ధవళేశ్వరమున 1852లో కాటన్ దొర ముగించిన ఆనకట్ట స్థానమున నేడు బ్యారేజీ ఉన్నది; డెల్టాను తడుపునది మాత్రము ఆ గోదావరియే. జొన్నాడ వద్ద గౌతమిని దాటి, రావులపాలెం అరటి గెలలు, కొత్తపేట, అంబాజీపేట కొబ్బరి రాశులు చూచుచు సాగిరి. దారికిరువైపుల దాళ్వా నాట్లు.

గంగలకుర్రు వద్ద జనసందోహమునకు కారు నిలిచినది. కనుమనాడు పదకొండు గ్రామముల రుద్రులు మొసలపల్లి చెంత జగ్గన్నతోటలో సమావేశమగుదురు. అచ్చట ఆలయము లేదు, కొబ్బరితోటయే సభ. ఏకాదశ రుద్రులకు వ్యాఘ్రేశ్వరుడు అధ్యక్షుడు. 2023 గణతంత్ర దినోత్సవమున ఢిల్లీలో రాష్ట్ర శకటముగా సాగినది ఈ తీర్థమే. అయితే అందులో ఈ బురద లేదు.

"అశ్శరభ! శరభ!" అను కేకలతో ప్రభను భుజములపై మోయుచు జనులు కౌశికలోనికి దిగి, ఆవలి గట్టెక్కి, నేరుగా పచ్చని చేలలో నడచిరి. గట్టుపై నొక రైతు చేతులు జోడించి నిలచియుండెను. ఉపాధ్యాయుడు ఆయనను సమీపించెను.

"ఈ చేను మీదేనా?"

"కౌలండి, ఆయ్."

"నాట్లు పోయినవి కదా. మక్తా తగ్గింతురా?"

"తగ్గించరండి. మక్తా మక్తాయే. తొక్కిన మేర మళ్ళీ ఊడ్చుకుంటామండి. సామి మన చేలోంచి రాకపోతేనే బెంగండి."

భూమి ఒకరిది, నష్టము వేరొకరిది. భూస్వామి పుణ్యములో భాగము కోరి మక్తాలో భాగము విడువకుండుట న్యాయమా అను ప్రశ్న న్యాయమైనదే; కాని ఆ రైతు దానిని అడుగలేదు. హోమమున ఆహుతి వేయుచు "ఇది నాది కాదు" అని పలుకుట ఉపాధ్యాయునికి నిత్యాభ్యాసము. ఆ మాట ఆయన నోట ఎన్ని వేల మారులు వచ్చెనో! ఎన్నడును నాలుగు సెంట్ల దాక పోలేదు.

ప్రభ సాగిపోయినది. తొక్కిన మడిలో నీరు మెల్లగా తేరుకొనుచుండెను. ఆయన తిరిగివచ్చి, సంచిని వెనుక సీటులో నుంచి కూర్చుండెను.

"పెదనాన్నగారింటికేనా, నాన్నగారూ?"

"ఆఁ. ముందు తోటవైపు పోనియ్యరా. మీ దొడ్డమ్మకు తీర్థం జీళ్ళంటే ఇష్టం."